పదకొండింటి గాలి

నవంబర్ 18

తెల్లారకముందే వదిన ఫోను. మా ఆయన అక్కగారికి తెల్లవారడమంటే నా నిద్ర చెడగొట్టడం.

"పల్లంలో పొగ దిగిందే అమ్మాయ్! ఎదురింటి గోడ కనబడటంలేదు" అంది.

కళ్లజోడు పెట్టుకుని చూడమన్నాను. టక్కున పెట్టేసింది. ఆవిడ ముప్పై ఏళ్లుగా పిల్లలకు పాట నేర్పుతోంది. అందుకని దగ్గినా నలుగురు కూర్చుని వినాలనుకుంటుంది. గోరంతను కొండంత చేయడం ఆ వంశంలోనే ఉంది. మా ఆయనకు జలుబు చేస్తే వీలునామా గురించి మాట్లాడతాడు.

ఆఫీసులో కొత్త పని తగిలింది. సున్నపు బట్టీల యజమాని మరో రెండు బట్టీలు కట్టుకుంటానని అర్జీ పెట్టాడు. పల్లం కాలనీవాళ్లు వద్దని గోల పెడుతున్నారు. అక్కడి గాలి పొగను పైకి తీసుకుపోతుందో, జనం నెత్తిన పడేస్తుందో మా వాతావరణ శాఖ తేల్చాలి. "మీరు ఏది రాస్తే అదే ఖాయం మేడమ్" అన్నాడు పెద్దాయన, అంటే మా డైరెక్టరు. మబ్బుకీ పొగకీ తేడా తెలియని మనిషి. ఎవరైనా రాసి పెడితే సంతకం మాత్రం చక్కగా చేస్తాడు.

నవంబర్ 21

పల్లం వెళ్లొచ్చాం. మా బృందమంటే నేను, డ్రైవరు, నా అసిస్టెంటు. అసిస్టెంటు పేరు ఎవరికీ గుర్తులేదు. ఏం చెప్పినా "సరేనండి" అంటాడు కాబట్టి సరేనండి అనే పిలుస్తాం. దానికి కూడా సరేనండి అన్నాడు.

మా పద్ధతి మా తాతల నాటిది. పదింటికి అందరూ ఆఫీసులో వేలిముద్ర వేయాలి. వేయకపోతే ఆ రోజు జీతం లేదు. పదిన్నరకు జీపు వస్తుంది. పల్లం చేరేసరికి పదకొండు. తాడు కట్టిన బెలూనుకి థర్మామీటరు పెట్టె వేలాడదీసి, మెల్లగా పైకి వదిలి, ఏ ఎత్తులో గాలి ఎంత వేడిగా ఉందో రాసుకుంటాం. పదకొండింటికి ఒకసారి, ఒంటిగంటకు ఒకసారి, మూడింటికి ఒకసారి. నాలుగయ్యేసరికి డ్రైవరు ఇంజను స్టార్టు చేసి కూర్చుంటాడు. పైన దేవుడు ప్రత్యక్షమైనా ఆగడు.

లెక్కలు ముచ్చటగా వచ్చాయి. పైకి పోయేకొద్దీ చల్లన, పుస్తకంలో అచ్చేసినట్టు. ఇలాంటి గాలి ఉంటే పొగ ఆగమన్నా ఆగదు.

మధ్యలో వదిన వచ్చింది. తలకు మఫ్లరు చుట్టుకుని, కాలనీ ఆడవాళ్లను వెంటేసుకుని.

"ఇదేనా మీరు పొగ చూడటం? పొగంతా పోయాక వచ్చి గాలిపటం ఎగరేసుకుంటున్నారు!"

నలుగురిలో నా పరువు తీయడం ఆవిడకు పండగ. అయినా ఓపిగ్గా చెప్పాను. "వదినా, ఎండకి నేల వేడెక్కుతుంది. నేలని అంటుకున్న గాలి వేడెక్కుతుంది. పైన చల్లగా ఉంటుంది. కిలోమీటరు పైకి పోతే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. వేడి గాలి తేలిక కాబట్టి పొగను తీసుకుని పైకి పోతుంది. చిన్నపిల్లలకు కూడా తెలుసు."

"మరి ఎండ రాకముందు నేల దేంతో వేడెక్కుతుందే?"

కాలనీవాళ్లు నవ్వారు. సరేనండి కూడా నవ్వాడు. వాడి సంగతి తర్వాత చూస్తాను.

నవంబర్ 22

చొప్పదంటు ప్రశ్న.

నవంబర్ 25

దాని గురించి మూడు రోజులుగా ఆలోచిస్తున్నానని కాదు. నాకు తెలియని విషయమూ కాదు. రాత్రంతా నేల వేడి వదిలేసి చల్లబడుతుంది, దాన్ని అంటుకున్న గాలీ చల్లబడి బరువెక్కుతుంది, పైగాలి మాత్రం వెచ్చగా మిగులుతుంది. అప్పుడు వ్యవహారం తలకిందులు. పైకి పోయేకొద్దీ వేడి. కింది చల్లగాలి లేవలేదు, పొగ కుండ మీద మూత పెట్టినట్టు ఆగిపోతుంది. ఎమ్మెస్సీలో ఈ ప్రశ్నకు నాకు పూర్తి మార్కులు వచ్చాయి.

కానీ అది జరగాలంటే చలికాలం కావాలి. చుట్టూ గట్లున్న లోతట్టు నేల కావాలి. గాలి కదలని తెల్లవారుజాము కావాలి. ఇన్ని కుదరాలి. ఊరికే ప్రతిచోటా జరిగే వింత కాదు.

పల్లానికి పొద్దున్నే వెళ్లి చూద్దామా అని పెద్దాయనను మాటవరసకు అడిగాను. "వేలిముద్ర ఎవరు వేస్తారు మేడమ్?" అన్నాడు. అదీ మా సంస్థ. గాలి కూడా పదింటికి వచ్చి వేలిముద్ర వేయాలి.

మూర్ఖుడితో వాదించడం నా పని కాదు. ఊరుకున్నాను.

నవంబర్ 28

రిపోర్టు ఇచ్చేశాను. "పల్లం ప్రాంతంలో ఉష్ణోగ్రత ఎత్తుతోపాటు క్రమంగా తగ్గుతోంది. పొగ చెదిరిపోవడానికి పరిస్థితులు అనుకూలం." సరేనండి అందంగా టైపు చేశాడు. బట్టీ యజమాని ఆఫీసుకు వచ్చి నాకు నమస్కారం పెట్టాడు. అతని మీసానికి కూడా సున్నం ఉంది. నా రెండు వాక్యాలు వీడికి ఒక్కటి కూడా అర్థమై ఉండదు. అయినా సంతోషించాడు.

డిసెంబర్ 1

మా ఆయన చెప్పాపెట్టకుండా అక్కను ఇంటికి తీసుకొచ్చాడు. రెండు పెట్టెలు, ఒక తలగడ, ఒక దగ్గు. "కొన్నాళ్లు ఇక్కడ ఉంటుంది. మనిల్లు గుట్ట మీద కదా, గాలి మంచిది" అన్నాడు. అంటే ఏమిటి? నేను రాసింది అబద్ధమనా? "అబ్బే, నీ రిపోర్టు సంగతి కాదు" అన్నాడు నేల చూపులు చూస్తూ. ఈయనతో ఇన్నేళ్లు కాపురం చేశాను, ఒక్క అబద్ధం కూడా తిన్నగా ఆడలేడు.

వదిన వచ్చీ రాగానే వంటింట్లో డబ్బాలన్నీ చోటు మార్చింది. ఉప్పు ఎంత వెతికినా నాకు దొరకలేదు.

డిసెంబర్ 6

దగ్గు తగ్గింది. పొద్దున్నే బాల్కనీలో పాట మొదలుపెట్టింది. పక్కింటి ప్లీడరు కిటికీ తెరిచి విన్నాడు. మామూలుగా నేను గ్లాసు కింద పెడితేనే చప్పుడని తలుపు కొట్టే మనిషి. ఏం చేస్తాం, ఒప్పుకోవాలి, ఆవిడకు గొంతుంది. నాలుగు వీధుల అవతలికి వినబడుతుంది. బుర్రకు చేరాల్సినదంతా గొంతుకే చేరింది.

డిసెంబర్ 7

తగ్గడానికి కారణం నేను మార్చిన టీ పొడి.

డిసెంబర్ 9

టీ పొడి కాకపోతే విశ్రాంతి.

డిసెంబర్ 11

పిల్లలు పాఠాలకు రావడం మానేస్తారని వదినకు దిగులు. వెళ్తానంటుంది, మళ్లీ పొగ అని భయపడుతుంది. ఎటూ తేలని సంత. మా ఆయన "ఇంకో నెల ఉండక్కా" అంటాడు. ఇంకో నెల! ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలుసుకోకుండా ఇంకో నెల!

కూర్చోబెట్టి రిపోర్టు చదివి వినిపించాను. సంతకం, ముద్ర, అన్నీ చూపించాను.

"అంటే ఏమీ కాదంటావా?"

"ఏమీ కాదు వదినా. కొలిచి చూశాం కదా."

"నువ్వే కొలిచావా?"

"నేనే కొలిచాను."

నా మొహంలోకి చూసింది. "నువ్వు ఎన్ని చెప్పినా అబద్ధం చెప్పవులే" అని పెట్టెలు సర్దుకుంది. పొగడ్తో తిట్టో తెలియదు. సాయంత్రం దింపి వచ్చాం. ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఉప్పు ఇంకా దొరకలేదు.

డిసెంబర్ 14

బట్టీవాడు మూతపడిన పాత బట్టీ కూడా వెలిగించాడట. అడిగితే "గాలి బాగుందని గవర్నమెంటే చెప్పింది కదా" అన్నాడట. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు వీడికి నా రిపోర్టు దొరికింది.

డిసెంబర్ 16

వదిన ఆసుపత్రిలో.

డిసెంబర్ 17

పల్లంలో తన ఇంటికే పంపేశారు. కంగారు పడాల్సింది లేదన్నారు. ఒకరు పక్కన ఉండాలన్నారు. మా ఆయనకు సెలవు దొరకదు. అంటే వండిపెట్టేది నేనే.

మంచిదే అనుకున్నాను. పల్లంలో నాలుగు రోజులు ఉండి, తెల్లవారుజామున నేనే స్వయంగా కొలిచి, అక్కడ ఏమీ లేదని చూపించి, ఆవిడ నోరు మూయించాలని రెండు థర్మామీటర్లు సంచీలో వేసుకుని వెళ్లాను. వెళ్లేసరికి ఆ నోరు మూసుకునే ఉంది. "ఎలా ఉంది వదినా?" అంటే పెదాలు కదిలాయి, మాట రాలేదు. గుసగుస కూడా కాదు, కాగితం నలిపిన చప్పుడు. ఉప్పు ఎక్కడ పెట్టారు అని అడగాలనుకుని ఊరుకున్నాను.

డిసెంబర్ 18

రాయాలి. రాయకపోతే రేపటికి నాకు నేనే వేరేగా చెప్పుకుంటాను. ఆ విద్యలో నేను తక్కువదాన్ని కాదు.

ఆరు గంటలు కాకముందే లేచాను. వీధి తలుపు తీస్తే ఎదురింటి గోడ లేదు. కళ్లజోడు పెట్టుకునే ఉన్నాను. గొంతులో సున్నం. ఒక థర్మామీటరు గేటుకి కట్టి, రెండోది పట్టుకుని వీధి చివర మంచినీళ్ల ట్యాంకు మెట్లెక్కాను. మెట్లు కనబడటంలేదు, చేత్తో తడుముకుంటూ ఎక్కాను. దగ్గు ఆగలేదు. ఎత్తు ఎక్కేకొద్దీ చలి పెరగాలి కదా, నాకేమో శాలువా బరువనిపించింది. మెట్లెక్కిన ఆయాసమని సరిపెట్టుకున్నాను. అప్పుడు కూడా!

ట్యాంకు పైకి వచ్చేసరికి నా తల పొగలోంచి బయటపడింది. నడుము దాకా పొగలో ఉన్నాను, పైన శుభ్రమైన ఆకాశం. కిందంతా పాలమీగడలా చదునుగా పరుచుకుంది, ఒక్క అంగుళం కూడా పైకి లేవడంలేదు. కాలనీ లేదు. అందులో ఎక్కడో వదిన మంచముంది. దూరంగా గుట్ట మీద మా ఇల్లు స్పష్టంగా కనబడింది, వంటింటి కిటికీతో సహా. అక్కడ కూర్చునే నేను రిపోర్టు రాశాను.

థర్మామీటరు చూశాను. దిగి గేటు దగ్గరది చూశాను. పైనే నాలుగు డిగ్రీలు ఎక్కువ. నమ్మకం కుదరక రెండు థర్మామీటర్లనూ ఒకదాని చోటికి ఒకటి మార్చి మళ్లీ ఎక్కాను. మళ్లీ నాలుగే.

తొమ్మిదిన్నర దాటాక నేల వేడెక్కి పొగ కదిలింది. పదిన్నరకల్లా ఎదురింటి గోడ, దాని మీద పిల్లలు గీసిన బొమ్మలతో సహా కనబడింది. పదకొండింటికి పల్లం అమాయకంగా మెరిసిపోయింది. ఆ వేళకు ఎవరైనా జీపు దిగితే, ఇక్కడ ఏ గొడవా లేదని రాసి వెళ్లిపోతారు.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటే నవ్వేదాన్ని. ఎవర్ని చూసి అన్నారో ఇప్పుడు తెలిసింది.

వదినకు చెప్పలేదు. కాఫీ ఇచ్చాను. నా శాలువా మీది సున్నం చూసి, నా మొహం చూసి, కప్పు తీసుకుంది. ఆవిడకు తెలిసిపోయింది. గొంతు ఉంటే ఏమనేదో తలుచుకుంటే భయం వేసింది. అనలేకపోవడం ఇంకా ఘోరంగా ఉంది.

డిసెంబర్ 19

పెద్దాయనకు చెప్పాను. ముందు కిటికీ మూశాడు. "రిపోర్టు వెనక్కి తీసుకుంటే శాఖ పరువేం కావాలి? రేపే బహిరంగ విచారణ. యంత్రం పాడైందని రాయండి. లేదా ఆ కుర్రాడు పెట్టె సరిగ్గా కట్టలేదని రాయండి" అన్నాడు. చేసిన తప్పుకు వాతావరణం చూసుకుని గొడుగు పట్టడంలో మాత్రం ఈయన నిజమైన శాస్త్రవేత్త.

బయటికి వచ్చి సరేనండిని అడిగాను, ఎందుకడిగానో తెలియదు. "పెట్టె నువ్వు సరిగ్గా కట్టలేదని రాస్తే?"

ఇద్దరు పిల్లల తండ్రి. "సరేనండి" అన్నాడు.

అంత అసహ్యం నాకు ఇంతవరకూ ఎవరి మీదా వేయలేదు. వాడి మీద కాదు.

డిసెంబర్ 20

విచారణ కాలనీ బడిలో. అధ్యక్షుడు రిటైరైన జడ్జి. ముందు వరుసలో బట్టీ యజమాని, వాడి లాయరు, చెమటలు కక్కుతున్న పెద్దాయన. బల్ల మీద నీళ్ల సీసాలు. అన్నీ సక్రమంగా పదకొండింటికి మొదలయ్యాయి. బయట ఎండ, గాలి తేటగా ఉంది. "చూడండి సార్, ఎంత స్వచ్ఛంగా ఉందో" అన్నాడు లాయరు కిటికీ చూపించి. ఈ మాటకు వాడికి ఫీజు కూడా ఇస్తారు.

నేను లేచి రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానన్నాను. ట్యాంకు మీది లెక్కలు చదివాను.

"మీ పాత రిపోర్టు తప్పా?" అన్నాడు జడ్జి.

"కొలతలు తప్పు కాదు. అవి మధ్యాహ్నపు గాలివి. బట్టీలు వెలిగించేది తెల్లవారుజామున."

"యంత్రంలో లోపమని మీ డైరెక్టరుగారు అంటున్నారే?"

"యంత్రం బాగానే ఉంది. మేమే పదకొండింటికి వెళ్లాం."

"పదకొండింటికే ఎందుకు?"

"జీపు పదిన్నరకు వస్తుంది."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జి నవ్వలేదు. ఇంకెవరైనా మాట్లాడతారా అన్నాడు. వదిన లేచింది. నాలుగు వీధులు వినే గొంతు మొదటి బెంచీ దాకా కూడా రాలేదు.

"వినబడటంలేదమ్మా. పక్కన ఎవరైనా నిలబడి చెప్పండి."

కాలనీ ఆడవాళ్లు ముగ్గురు లేచారు. వదిన వాళ్లను కూర్చోమని, వేలితో నన్ను చూపించింది. వెళ్లి నా చెవి ఆవిడ నోటి దగ్గర పెట్టాను. ఆవిడ ఒక్కో ముక్క అంటుంది, నేను గట్టిగా చెబుతాను. గుమస్తా రాసుకుంటాడు.

"పొద్దున్నే పొగ దిగుతుంది అంటున్నారు."

"ఎండెక్కాక లేస్తుంది అంటున్నారు."

"ముప్పై ఏళ్లు పాడిన గొంతు, ఈ చలికాలంలో పోయింది అంటున్నారు."

అక్కడ ఆగింది. ఊపిరి తీసుకుని, నా వైపు తిరిగి, ఇంకో మాట అంది. నేను నోరు విప్పలేదు.

"ఏమంటున్నారు?" అన్నాడు జడ్జి.

వదిన నా చెయ్యి పట్టుకుని కుదిపింది, పాఠం అప్పజెప్పని పిల్లను కుదిపినట్టు.

"మా మరదలు చాలా చదువుకుంది, నేను దాని మాట నమ్మి ఇంటికి తిరిగొచ్చాను, అంటున్నారు."

ఎవరూ నవ్వలేదు. గుమస్తా కలం పట్టుకుని నన్నే చూస్తున్నాడు. "ఇది కూడా రాయాలా మేడమ్?"

"రాయండి" అన్నాను.

డిసెంబర్ 27

కొత్త బట్టీలకు అనుమతి రాలేదు. ఉన్నవి ఎండ బాగా ఎక్కాక వెలిగించాలట. ఇంతే. ఇది తేల్చడానికి ఒకరు పొద్దున్నే నిద్రలేవడం తప్ప ఎవరికీ పైసా ఖర్చు లేదు. పెద్దాయన నాకు మెమో ఇచ్చాడు, విచారణ రోజు పదింటికి వేలిముద్ర వేయలేదని.

డిసెంబర్ 30

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. దగ్గు పోతుందన్నాడు, మాట కొంత వస్తుందన్నాడు. పాట సంగతి అడిగితే కాగితాలు సర్దుకున్నాడు. "ఇక ఆ ఆశ పెట్టుకోకండి" అన్నాడు. చదువుకున్నవాళ్లు ఎంత సులువుగా చెప్పేస్తారో! నేను కూడా "ఏమీ కాదు వదినా" అని ఇంతే సులువుగా చెప్పాను. దారంతా ఆవిడ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. క్షమించమని అడగడానికి రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. రెండోసారికి ఆవిడ నీళ్ల సీసా అందించింది.

జనవరి 3

పల్లంలో పాఠాలు మళ్లీ మొదలయ్యాయి. పెద్ద పిల్లలంతా వేరే చోటికి వెళ్లిపోయారు. అక్షరం రాని నలుగురు పిడుగులు మిగిలారు. పొద్దున్నే చాప మీద కూర్చున్నారు. గాలి తేటగా ఉంది. నేను వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే వదిన వచ్చి రెక్క పట్టుకుని లాక్కెళ్లి వాళ్ల ముందు కూర్చోబెట్టింది.

"నువ్వు అను" అంది. ఇప్పుడు దగ్గరికి వెళ్తే మాట అందుతోంది.

"నేనా? నా గొంతు మీకు తెలుసు కదా వదినా."

"తెలుసు. అను."

ఆవిడ నా చెవిలో చెప్పిన స్వరాల వరుస నేను పైకి అన్నాను. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. వాళ్ల తప్పు లేదు, గాడిద కూడా నాకంటే నిలకడగా ఓండ్ర పెడుతుంది. నిజమైన పాట వినాల్సిన పిల్లలకు నేను దొరికాను, నా వల్లే దొరికాను. ఏడుపు వచ్చింది. ఏడిస్తే శ్రుతి ఇంకా పోతుందని ఆపుకున్నాను.

వదిన బల్ల మీద చేత్తో కొట్టి పిల్లల్ని ఊరుకోబెట్టింది. తల అడ్డంగా ఊపింది.

"తప్పు. మళ్లీ అను."

మళ్లీ అన్నాను.